దేవుడి భయం ఎవరిని అదుపు చేసింది?

దేవుడంటే భయం లేకపోతే మనిషిని మనిషి పీక్కుతింటాడని మన సమాజంలో గట్టి నమ్మకం ఉంది. బళ్ళో పంతులు చెప్తాడు, ఊళ్ళో పెద్దమనిషి చెప్తాడు, పేపర్లో సంపాదకీయం చెప్తుంది. నాస్తికుల్లో కూడా కొందరు లోలోపల ఇదే అనుకుంటారు. మాకంటే చదువుంది, ఆలోచన ఉంది, మాకు దేవుడు అక్కర్లేదు, చదువులేని జనానికి మాత్రం ఉండాలి, లేకపోతే అదుపు తప్పుతారు అని. మన కార్యకర్తలు పల్లెల్లో అంబేడ్కర్ బౌద్ధం గురించి మాట్లాడితే మన వాడల్లోని ముసలివాళ్ళు కూడా ఇదే అడుగుతారు: "దేవుణ్ణి తీసేస్తే పిల్లకాయలకు ఇంక భయమేముంటది?"

ఈ ప్రశ్నను నవ్వి తోసెయ్యకూడదు. సమాజానికి అదుపు కావాలి. బలహీనుడికి మరీ కావాలి. బలవంతుడికి నీతి లేకపోయినా, చట్టం లేకపోయినా నడుస్తుంది. అతని కింద భూమి ఉంది, వెనక కులం ఉంది. ఏ అదుపూ లేని ఊళ్ళో మొదట తగలబడేది మాలపల్లె, మాదిగపల్లె. కాబట్టి మనిషిని చెడ్డపని చెయ్యకుండా ఆపేది ఏది అన్నది తత్వశాస్త్రం క్లాసురూములో చెప్పుకునే చర్చ మాత్రమే కాదు. మన ప్రాణాలకు సంబంధించిన సంగతి. అందుకే ఈ ప్రశ్నను మూడు ముక్కలు చేసి చూద్దాం. ఒకటి, దేవుడి భయం ఇంతవరకు ఎవరిని అదుపు చేసింది, ఎవరిని చెయ్యలేదు? రెండు, దేవుడి మీద నమ్మకంతో మనుషులు నిజంగానే మారిన చోట ఆ మార్పు తెచ్చింది ఏది? మూడు, దేవుడు లేకుండా అదుపు దేని మీద నిలబడాలి?

పనివాళ్ళకు దేవుడు

దేవుడి భయం ఎవరి కోసమో దాపరికం లేకుండా చెప్పించినవాడు ఫ్రెంచి రచయిత వోల్టేర్. 18వ శతాబ్దంలో చర్చి పెత్తనం మీద కలంతో యుద్ధం చేసినవాడే ఆయన. అయినా ఆయన రాసిన ఒక సంభాషణలో ఒక పాత్ర తన వకీలు, తన దర్జీ, తన నౌకర్లు, చివరికి తన పెళ్ళాం కూడా దేవుణ్ణి నమ్మాలని కోరుకుంటాడు. అట్లా అయితే తన ఇంట్లో దొంగతనాలూ ద్రోహాలూ తగ్గుతాయని అతని లెక్క. ఈ లెక్కలో ఒకటి గమనించాలి. యజమాని దేవుణ్ణి నమ్మితే నౌకరుకు జీతం సరిగ్గా ముడుతుందన్న మాట అందులో లేదు. దేవుడు ఇక్కడ యజమాని పెట్టుకున్న కాపలాదారు. కాపలాదారు చూపు యజమాని మీద ఉండదు, పనివాడి మీద ఉంటుంది.

మన తెలుగువాళ్ళకు దీని మీద దగ్గరి సాక్ష్యం ఒకటి ఉంది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, సేవాగ్రాం వెళ్ళి గాంధీతో మాట్లాడాడు. నాస్తికత్వం ఎందుకని గాంధీ అడిగితే ఆయన పుస్తకాల వాదం చెప్పలేదు. బెంగాల్ కరువు కాలంలో కలకత్తాలో తాను చూసింది చెప్పాడు. తిండి దొరక్క జనం వీధుల్లో పడి చచ్చిపోతున్నారు. పక్కనే మిఠాయి కొట్లున్నాయి, తిండి పదార్థాలు అమ్ముతున్నారు. అయినా వాళ్ళు వాటి మీద పడలేదు. తమ రాత ఇంతే అనుకుని చచ్చిపోయారు. ఆ నమ్మకమే లేకపోతే అంతమంది అట్లా చావరు గదా అని గోరా వాదం.

1943 నాటి ఆ కరువులో లక్షల మంది పోయారు. ఆ కరువులో దేవుడు పనిచెయ్యలేదని మనం అనలేం. పనిచేశాడు, ఒకవైపే పనిచేశాడు. ఆకలితో ఉన్నవాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. బియ్యం గిడ్డంగుల్లో దాచి ధర పెంచినవాడి చెయ్యి పట్టుకోలేదు. వాడు పొద్దున్నే పూజ చేసుకునే కొట్టు తెరిచాడు.

మన ఊళ్ళల్లో జీతగాళ్ళు, పాలేర్లు ఇది బాగా ఎరుగుదురు. కల్లంలో గింజ తీస్తే కళ్ళు పోతాయని పాలేరుకు చెప్తారు. కొలతలో మోసం చేస్తే ఆసామికి ఏం పోతుందో ఎవరూ చెప్పరు. నేను చదువుకున్న హాస్టల్లో పొద్దునా సాయంత్రం ప్రార్థన తప్పనిసరి. అబద్ధం ఆడొద్దు, దొంగతనం చెయ్యొద్దు అని మాతో చెప్పించిన వార్డెనే మా బియ్యంలో, పప్పులో చెయ్యి పెట్టేవాడు. ఆయన దేవుణ్ణి నమ్మనివాడు కాదు. నుదుట బొట్టు లేకుండా ఒక్కరోజు కూడా హాస్టల్‌కు రాలేదు.

అంతస్తుల వారీ పాపం

దేవుడి భయం ఇట్లా ఒకవైపే పనిచెయ్యడం కొందరు భక్తుల లోపం అనుకుంటే పొరపాటు. మన దేశంలో ఆ ఏర్పాటు శాస్త్రంలోనే ఉంది. మనుస్మృతి 8వ అధ్యాయం చూడండి. బ్రాహ్మణుణ్ణి తిట్టిన క్షత్రియుడికి 100 పణాల జరిమానా. వైశ్యుడైతే 150 లేక 200. శూద్రుడైతే జరిమానా లేదు, శరీరానికే శిక్ష. అదే బ్రాహ్మణుడు తిడితే క్షత్రియుణ్ణి తిట్టినందుకు 50, వైశ్యుణ్ణి తిట్టినందుకు 25, శూద్రుణ్ణి తిట్టినందుకు 12. తిట్టు ఒక్కటే. పాపం బరువు మాత్రం కులాన్ని బట్టి మారుతుంది. ఈ పట్టికలో మాల మాదిగలకు చోటే లేదు. వాళ్ళను ఊరి బయట పెట్టిన సంగతి 10వ అధ్యాయంలో వేరే ఉంది.

కర్మ సిద్ధాంతం ఇంకో అడుగు వేసింది. చెడు నడత నడిచినవాళ్ళు మరుజన్మలో కుక్కగానో, పందిగానో, చండాలుడిగానో పుడతారని ఛాందోగ్య ఉపనిషత్తు చెప్తుంది. అంటే మనిషి నడతను అదుపులో పెట్టడానికి చూపించిన భయం ఏమిటి? నువ్వు తప్పు చేస్తే మాల, మాదిగ అవుతావు అని. ఇక్కడ మనం అదుపులో పెట్టవలసిన మనుషులం కూడా కాదు, మనమే శిక్షకు నమూనా. వాడలో పుట్టిన బిడ్డ ఏ తప్పూ చెయ్యకముందే శిక్ష అనుభవిస్తున్న ముద్దాయి. శిక్ష పడ్డవాడి మీద జాలి చూపించడం ధర్మానికి అడ్డుపడటం అవుతుంది. ఆ నమ్మకంలో పెరిగిన మనిషికి మన బాధ చూసినా మనసు కదలకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆడవాళ్ళ విషయంలో ఇది ఇంకా ఘోరం. తెలంగాణలో జోగిని, రాయలసీమలో బసివి, చిత్తూరు వైపు మాతమ్మ. పేరేదైనా దళిత కుటుంబాల ఆడపిల్లను దేవతకు అర్పించారు. అర్పించింది దేవతకు, అనుభవించింది ఊరి పెత్తందార్లు. దేవుడి భయం ఇక్కడ ఆ పిల్ల తల్లిదండ్రుల నోరు కట్టేసింది. దొర కాళ్ళు కట్టెయ్యలేదు. దీన్ని నేరమని చెప్పింది ఏ దేవుడూ కాదు, 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన దేవదాసీ అంకిత నిషేధ చట్టం. ఆ చట్టాన్ని ఊళ్ళోకి తీసుకెళ్ళి అమలు చేయించడానికి తిరిగింది కార్యకర్తలు, జోగినుల సంఘాలు.

కారంచేడు, చుండూరు

1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. మాదిగలు తాగే చెరువు నీళ్ళను పాడుచెయ్యొద్దని ఒక మాదిగ మహిళ అడ్డుపడటం దగ్గర గొడవ మొదలైంది. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోనె సంచుల్లో కట్టి కాలవల్లో పారేశారు. అక్కడ గొడవకు మొదలు సినిమాహాల్లో కాలు తగలడం. కొట్టడానికి వచ్చినవాళ్ళు దేవుణ్ణి నమ్మనివాళ్ళు కారు. ఆ ఊళ్ళల్లో గుళ్ళున్నాయి, తిరునాళ్ళున్నాయి, శ్రీరామనవమి పందిళ్ళున్నాయి. భక్తికి కొదువ లేదు. గొడ్డలి ఎత్తిన చెయ్యి ఆగలేదు.

దేశం మొత్తం మీద చూసినా ఇదే కనపడుతుంది. ప్యూ పరిశోధనా కేంద్రం 2019-20లో సుమారు 30,000 మందిని అడిగి 2021లో ప్రకటించిన సర్వే ప్రకారం భారతదేశంలో 97 శాతం మంది దేవుణ్ణి నమ్ముతారు. అదే సర్వేలో తమ వాళ్ళల్లో ఆడవాళ్ళు వేరే కులంవాణ్ణి పెళ్ళాడకుండా ఆపడం చాలా ముఖ్యమని 64 శాతం మంది, మగవాళ్ళను ఆపడం చాలా ముఖ్యమని 62 శాతం మంది చెప్పారు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో షెడ్యూల్డు కులాల మీద నమోదైన నేరాలు 57,582. నమోదు కానివి ఈ లెక్కలోకి రావు.

దీన్నిబట్టి దేవుణ్ణి నమ్మడం వల్లే నేరాలు జరుగుతున్నాయని నేను అనడం లేదు. అట్లా అంటే అది తప్పుడు తర్కం. దేవుడి భయం ఉంటే చాలు, నేరం ఆగుతుందన్న మాట మాత్రం నిలబడదు. డెన్మార్కు, స్వీడన్ లాంటి దేశాల్లో చర్చికి వెళ్ళేవాళ్ళు చాలా తక్కువ. దేవుణ్ణి నమ్మనివాళ్ళు ఎక్కువ. హత్యలు కూడా చాలా తక్కువే. అక్కడ నాస్తికత్వమే మనుషుల్ని మంచివాళ్ళను చేసిందని అననక్కర్లేదు. చదువు, వైద్యం, పనిలేనివాడికి ఆసరా, అందరికీ ఒకే చట్టం ఇవన్నీ కలిసి ఆ పని చేశాయి. దేవుడి కాపలా సడలినంత మాత్రాన ఆ సమాజాలు కూలిపోలేదు. మనకు కావలసిన రుజువు అంతవరకే.

మాటకొస్తే, దేవుడి కాపలాను గుళ్ళు నడిపేవాళ్ళే నమ్మరు. హుండీకి తాళం వేస్తారు, తాళానికి సీలు వేస్తారు, డబ్బు లెక్కపెట్టేచోట మనుషుల్ని నిలబెడతారు, ఇప్పుడైతే కెమెరాలు పెడతారు. పట్నాల్లో గోడ మీద మూత్రం పోయకుండా దేవుళ్ళ బొమ్మల టైల్సు అతికిస్తారు. జనం ఆ టైలు దాటి నాలుగడుగులు పక్కకు జరిగి అదే పని చేస్తారు. మరుగుదొడ్డి కట్టిన చోట ఆ బొమ్మతో పనిలేదు.

పాపం ఇక్కడ, రాజీ అక్కడ

దేవుడి భయంతో నడిచే నీతిలో ఇంకో పెద్ద చిక్కుంది. తప్పు ఒకడికి చేస్తాం. లెక్క మాత్రం ఇంకొకరితో తేల్చుకుంటాం. కూలీ ఎగ్గొట్టినవాడు తిరుపతి వెళ్ళి గుండు చేయించుకుంటాడు. లంచం తిన్నవాడు అందులో పదోవంతు హుండీలో వేస్తాడు. వాడి మనసు కుదుటపడుతుంది. కూలీ డబ్బు రానివాడి కడుపు అట్లాగే కాలుతుంది. దేవుడితో రాజీ పడొచ్చు గనుక, అన్యాయానికి గురైనవాడి ముందు నిలబడవలసిన అవసరం తప్పిపోతుంది.

మహద్‌లో జరిగింది దీనికి మంచి ఉదాహరణ. 1927 మార్చి 20న అంబేడ్కర్ నాయకత్వంలో వేలమంది అంటరానివాళ్ళు చవదార్ చెరువులో నీళ్ళు తాగారు. వీళ్ళు వీరేశ్వరుడి గుళ్ళో కూడా జొరబడతారని పుకారు లేపి సవర్ణ హిందువులు వాళ్ళను చావగొట్టారు. దెబ్బలు తగిలినవాళ్ళు ఆసుపత్రి పాలయ్యారు. ఆ తర్వాత ఆ ఊరి భక్తులు ఏం చేశారు? తలలు పగిలినవాళ్ళ దగ్గరికి పోలేదు. 108 కుండల పంచగవ్యం, అంటే పాలు, పెరుగు, ఆవు పేడ, ఆవు పంచితం లాంటివి కలిపి మంత్రాలతో చెరువులో పోసి నీళ్ళను శుద్ధి చేశారు. వాళ్ళ మనసాక్షి పనిచెయ్యలేదని కాదు. పనిచేసింది, మనుషుల గురించి కాక నీళ్ళ గురించి బాధపడింది. మనిషిని కొట్టడం పాపంగా తోచలేదు, మనిషి ముట్టుకోవడం పాపంగా తోచింది. అదే సంవత్సరం డిసెంబరు 25న అదే మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టారంటే దాని వెనకున్న కోపం ఏమిటో ఇప్పుడు అర్థమవుతుంది.

ఒక ఎదురు సాక్ష్యం

ఇంతవరకు చెప్పింది విని, ఇది హిందూ దేవుడి సంగతి, అందరి దేవుడూ అట్లా కాదని క్రైస్తవ మాలలు, మాదిగలు అనొచ్చు. న్యాయమైన మాటే. దానికి చరిత్ర ఉంది.

ఒంగోలు ప్రాంతంలో 1866లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. చర్మాల వ్యాపారం మీద ఊళ్ళు తిరిగే పేరయ్య తనవాళ్ళ మధ్య ఆ మాట చెప్పుకుంటూ పోయాడు. కొత్తగా చేరినవాళ్ళకు పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. 1876-78 కరువులో ఆ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో ఒక భాగం తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని కరువు పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ మనుషులు మారారు. అందులో సందేహం లేదు. నమ్మకమే మార్చింది అని కూడా వాళ్ళు చెప్పుకున్నారు. కానీ ఆ మూడు నియమాలను ఇంకోసారి చూడండి. ఆదివారం పని మానడమంటే ఏడు రోజులూ పిలిస్తే పలకవలసిన వెట్టి మనిషి వారానికి ఒకరోజు "రాను" అనడం. చచ్చిన గొడ్డు మాంసం మానడమంటే ఊరి నీచపు చాకిరీకి ముడిపడిన ఒక ఆచారాన్ని తెంపుకోవడం. విగ్రహాలకు మొక్కకపోవడమంటే జాతర్లలో డప్పు కొట్టే కట్టుబాటును కాదనడం. అందుకే ఆసాములు అంత మండిపడ్డారు. ఇవి పైకి దేవుడి నియమాలు. లోపల ఇవి ఆత్మగౌరవం నియమాలు. వీటికి తోడు బడి వచ్చింది. వారానికోసారి అందరూ ఒకచోట కూర్చునే సంఘం వచ్చింది. చదువు నేర్చిన ఉపదేశకుడు మన వాడలోనే ఉన్నాడు. తాగి పెళ్ళాన్ని కొట్టినవాణ్ణి సంఘం ముందు నిలదీశారు. మనిషిని మార్చింది పైనుంచి చూసే కన్ను కన్నా పక్కన కూర్చున్న మనిషి కన్ను, చేతిలోని పలక.

అదే దేవుడు ఆపలేకపోయింది కూడా ఉంది. ఆ దేవుణ్ణే నమ్మిన మాలలకు ఒక చర్చి, మాదిగలకు ఒక చర్చి ఏర్పడ్డాయి. క్రైస్తవులైన రెడ్లు, కమ్మలు క్రైస్తవులైన మాల మాదిగలతో వియ్యమందలేదు. నమ్మకం ఒకటైనా సంఘం ఒకటి కాని చోట నీతి కూడా ఒకటి కాలేదు. కారంచేడు బాధితులు పారిపోయి చీరాల చేరినప్పుడు వాళ్ళకు చర్చి ఆవరణలో నీడ దొరికింది. ఆ మేలు మరవకూడదు. కానీ కారంచేడును రాష్ట్రమంతా మాట్లాడే సంగతిగా మార్చింది అక్కడ వెలిసిన శిబిరం, అందులోంచి వచ్చిన దళిత మహాసభ.

గుంపు నీతి

ఇక్కడే అంబేడ్కర్ మనకు దారి చూపిస్తాడు. ఆయన దగ్గర ఈ ప్రశ్నకు దొరికే జవాబు ఆస్తికులకూ పూర్తిగా నచ్చదు, నాస్తికులకూ పూర్తిగా నచ్చదు. సమాజాన్ని నిలబెట్టడానికి చట్టమో నీతో ఏదో ఒకటి కావాలంటాడు. చట్టం కొద్దిమందిని, మాట వినని కొద్దిమందిని మాత్రమే పట్టుకోగలదు. మిగతా పెద్ద సంఖ్య నీతి మీద నడవవలసిందే. అంతవరకు ఆస్తికులు సంతోషిస్తారు. అయితే ఆ నీతికి దేవుడు ఆధారం కానక్కర్లేదంటాడు. ఆయన పోయాక 1957లో అచ్చయిన బుద్ధుడు-ధమ్మం గ్రంథంలో ఈ తేడా వివరించాడు. ఇతర మతాల్లో నీతి ఒక కొసరు. దేవుడు, ఆత్మ, ప్రార్థన, పూజ ముందుంటాయి, నీతి వాటి వెనక వస్తుంది. ధమ్మంలో నీతే అసలు సరుకు. దేవుడి స్థానంలో నీతి కూర్చుంది. దేవుడు చెప్పాడు గనుక కాదు, మనిషికి మనిషి అవసరం గనుక మనిషి మనిషిని ప్రేమించాలి.

అయితే ఉత్త నీతి సరిపోదు అని కూడా ఆయనే అంటాడు. దొంగలకు కూడా వాళ్ళలో వాళ్ళకు నీతి ఉంటుంది. వ్యాపారులకు ఉంటుంది. ఒక కులంవాళ్ళకు ఆ కులంలో ఉంటుంది. ఈ గుంపు నీతి గుంపును కాపాడుతుంది, గుంపు బయటివాణ్ణి కాపాడదు. కాబట్టి నీతి పవిత్రం కావాలి, అందరికీ ఒకటి కావాలి. గుంపు నీతిని ఛేదించేది సమత, సోదరభావం తప్ప మరొకటి కాదు.

ఈ మాట పట్టుకుని మళ్ళీ చుండూరు చూడండి. అక్కడ నీతి లేని మనుషులు లేరు. తమ కులంవాడికి ఆపద వస్తే ఆదుకున్నారు. జైలుకు వెళ్ళినవాడి కుటుంబాన్ని చూసుకున్నారు. ఒకరి గుట్టు ఇంకొకరు బయటపెట్టలేదు. తమలో తాము చూస్తే వాళ్ళు ఎంతో నీతిపరులు. లేనిదల్లా తమ గుంపు బయటి మనిషి కూడా మనిషేనన్న జ్ఞానం. దేవుణ్ణి నమ్మితే ఆ జ్ఞానం రాదు. దేవుడు కూడా గుంపు దేవుడే అయితే గుంపు నీతికి ఆయన గొడుగు పడతాడు, అంతే. నాస్తికుడైనంత మాత్రాన కూడా ఆ జ్ఞానం రాదు. సభల్లో దేవుణ్ణి తిట్టి, కూతురి పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి కులం పంచాంగం తీసే హేతువాదులు మనకు తెలియనివాళ్ళు కాదు. దీనికి భిన్నంగా నిలబడినవాడు గనుకనే గోరా పేరు చెప్పుకుంటున్నాం. ఆయన తన కూతుర్ని దళిత యువకుడికి ఇచ్చి 1948లో సేవాగ్రాంలో పెళ్ళి చేశాడు. ఆ పెళ్ళి తానే జరిపిస్తానని, అందులో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు వాడతానని గాంధీ బతికుండగా ఒప్పుకున్నాడు. నమ్మేవాడూ నమ్మనివాడూ కలిసి నిలబడగలిగిన చోటు అది. అక్కడ తేల్చవలసింది దేవుడు ఉన్నాడా లేడా అని కాదు, ఆ పిల్లా పిల్లవాడూ సమానులా కాదా అని.

అదుపు దేని మీద నిలబడాలి

మొదటిది చట్టం. రాజ్యాంగం 17వ అధికరణం 1950లో అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దాన్ని నేరంగా చూపిన చట్టం వచ్చింది. కారంచేడు తర్వాత, దేశమంతా జరిగిన అనేక పోరాటాల తర్వాత 1989లో ఎట్రాసిటీ చట్టం వచ్చింది. ఈ చట్టం వచ్చాక కులం పేరుతో తిట్టడానికి కొన్నిచోట్లైనా నోరు తడబడుతోంది. మనుధర్మం వేల ఏళ్ళలో నేర్పని మర్యాద ఒక కేసు భయం నేర్పింది.

కానీ చట్టం కూడా తనంతట తాను నడవదు. బాధితుల పోరాటం వల్ల చుండూరు కేసుకు ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులుగా వదిలేసింది. చట్టం పుస్తకంలో ఉంటే చాలదని ఇంతకంటే ఏం రుజువు కావాలి? 1952లో పుణేలో ప్రజాస్వామ్యం గురించి మాట్లాడుతూ అంబేడ్కర్ దీన్నే ప్రజల మనసాక్షి అన్నాడు. అన్యాయం ఎవరికి జరిగినా, తనకు జరగకపోయినా కదిలే గుణం అది. మన కోసం మనం తప్ప వేరేవాళ్ళు ఎందుకు కదలరని అడిగి, ఆ మనసాక్షి లేకపోవడమే కారణమని ఆయన చెప్పాడు.

రెండోది సంఘం. మనిషిని నిజంగా అదుపు చేసేది తోటి మనుషుల చూపు. మన వాడల్లో ఇది కొత్త కాదు. పోచమ్మకు, ఎల్లమ్మకు మనవాళ్ళు మొక్కేది జబ్బు పోవాలని, వాన పడాలని, పిల్లలు బతకాలని. వాడలో ఒకరి కోడిని ఒకరు ఎత్తుకుపోకుండా ఆపింది పోచమ్మ కాదు. రేపు గంజికి, బదులుకు, చావుకు, పెళ్ళికి ఆ ఇంటి గడపే తొక్కాలన్న ఎరుక ఆపింది. ఈ చూపుకు చెడ్డ ముఖం కూడా ఉందని మనకు తెలుసు. వెలి వేసేదీ, పరువు పేరుతో కన్నబిడ్డను చంపేదీ ఈ చూపే. అందుకే సంఘం ఒక్కటే చాలదు. ఏ విలువ మీద కట్టిన సంఘం అన్నది చూడాలి.

మూడోది ఆ విలువ, అంటే మైత్రి. బుద్ధుడి సంఘం దేవుడు లేకుండానే కట్టుబాటు నిలబెట్టింది. శాక్య రాకుమారులు దీక్షకు వచ్చినప్పుడు వాళ్ళకంటే ముందు మంగలి ఉపాలికి దీక్ష ఇచ్చారని బౌద్ధ గ్రంథాలు చెప్తాయి. సంఘంలో ముందు చేరినవాడు పెద్ద. కాబట్టి రాకుమారులు ఉపాలికి నమస్కారం పెట్టాలి. తమ కులగర్వం అణగాలని వాళ్ళే అట్లా కోరారట. దేవుడి ఆజ్ఞ లేదు, నరకం బెదిరింపు లేదు. కూర్చునే వరస మార్చారు. మన కృష్ణ ఒడ్డున అమరావతిలో, నాగార్జునకొండలో శతాబ్దాల పాటు నిలిచిన బౌద్ధ సంఘాలు ఈ పునాది మీద నిలబడినవే.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో కూడా ఈ వరస కనిపిస్తుంది. దేవుళ్ళను కొలవనని చెప్పించి ఊరుకోలేదు. దొంగతనం చెయ్యను, అబద్ధం ఆడను, తాగను, మనుషులందరూ సమానమని నమ్ముతాను అని కూడా చెప్పించాడు. దేవుణ్ణి తీసేసిన చోటు ఖాళీగా వదల్లేదు. ఆ చోట మనిషికి మనిషి ఇచ్చే మాట పెట్టాడు.

మన టీచర్లు, కార్యకర్తలు గుర్తుపెట్టుకోవలసింది ఇదే. వాడలోకి వెళ్ళి దేవుడు లేడని చెప్పి వచ్చేస్తే మనం సగం పనే చేసినట్టు. ఆ ముసలమ్మ అడిగిన భయం గురించి జవాబు చెప్పనట్టే. రాత్రిబడి, మహిళల సంఘం, పొదుపు, తాగి కొట్టినవాణ్ణి నిలదీసే పంచాయితీ, మాల మాదిగ తేడా లేకుండా ఒకే పంక్తిలో భోజనం, కేసు పెడితే చివరిదాకా వెంట నడిచే మనిషి, ఇవి ఉంటే మన పిల్లలకు నీతి ఉంటుంది. నమ్మేవాళ్ళు దేవుణ్ణి నమ్ముకోనివ్వండి. ఆ దేవుడు వాడకూ ఊరికీ ఒకే లెక్క చెప్తున్నాడా అని మాత్రం ప్రతిసారీ అడగాలి. పిల్లవాడికి అబద్ధం ఆడితే కళ్ళు పోతాయని చెప్పే బదులు, అబద్ధం వల్ల ఎవరికి నష్టం జరిగిందో వాళ్ళ ముందు నిలబడి చెప్పించడం నేర్పుదాం. పైవాడికి భయపడే పిల్లవాడు రేపు దొరకూ భయపడతాడు. ఎదుటి మనిషికి జవాబు చెప్పడం నేర్చిన పిల్లవాడు రేపు దొరను కూడా జవాబు అడుగుతాడు.